కానుక అని పిలిస్తే చాలా?



మన సంఘంలోని ఒక తమ్ముడు చదువు కోసం జర్మనీ వెళ్లాడు. మొన్న వాట్సాప్‌లో ఒక ఫొటో పంపాడు. ఎలుకల మందు పెట్టె, దాని మీద ‘రాటెన్‌గిఫ్ట్’ అని ఉంది. “అయ్యగారూ, ఇక్కడ ఎలుకలకు కూడా గిఫ్టులిస్తున్నారు” అని రాశాడు. నవ్వుకున్నాను. జర్మన్ భాషలో గిఫ్ట్ అంటే విషం.

అక్షరాలు అవే. ఇంగ్లీషులో బహుమానం. డచ్ భాషలో విరాళంగా ఇచ్చే సొమ్ము. విషానికి మాత్రం వాళ్లు చివరి అక్షరం తీసేసి రాస్తారు. స్వీడన్, నార్వే, డెన్మార్క్ దేశాల్లో ఇంకా విచిత్రం. అక్కడ అదే మాటకు విషం అనీ, పెళ్లయినవారు అనీ రెండర్థాలు.

అన్నిటికీ వేరు ఒక్కటే: ఇవ్వడం. పెళ్లి అర్థం ఎలా వచ్చిందో మనకు ఎవరూ విడమరిచి చెప్పనక్కరలేదు. “మా అమ్మాయిని ఫలానా ఊరికిచ్చాం” అంటాం కదా. విషం అర్థమే ఆశ్చర్యం. గ్రీకులో ‘దోసిస్’ అంటే ఇవ్వడం. యాకోబు పత్రిక 1:17లో మన బైబిలు ‘ఈవి’ అన్నచోట గ్రీకులో ఉన్నది ఆ మాటే. రోగికి కొలిచి ఇచ్చే మందుకూ అదే పేరు. మనం డోసు అంటున్నది దాన్నే. జర్మన్‌లో గిఫ్ట్ కూడా మొదట ఇవ్వడమే. ఆ గ్రీకు మాట ప్రభావంతో కొలిచి ఇచ్చేదానికి, చివరికి విషానికి పేరైంది. చెడ్డ పేరు పలకడం ఇష్టంలేక మంచి పేరు పెట్టుకున్నారు. ఆ మంచి పేరే చెడిపోయింది. మన పల్లెల్లో “మందు తాగాడు” అంటే ఏ మందు అని కంగారుగా అడుగుతాం చూడండి, అలా.

జర్మన్‌లో పాత అర్థం ఇంకా మిగిలివున్న మాట ఒకటుంది: ‘మిట్‌గిఫ్ట్’. కూతురితోపాటు ఇచ్చేది, అంటే కట్నం. ఆ మాట దగ్గర నా నవ్వు ఆగిపోయింది.

మనం కట్నకానుకలు అంటాం. ఆదివారం సంచిలో వేసేదీ కానుకే, ప్రధానం రోజు బల్ల మీద పెట్టేదీ కానుకే. 1961 నాటి వరకట్న నిషేధ చట్టం కూడా అడగకుండా ఇచ్చే కానుకలను తప్పుపట్టదు. అందుకే మధ్యవర్తితో అడిగించి, బేరమాడి, గడువు పెట్టి తీసుకున్నదానికి కూడా కానుక అనే పేరు పెట్టేశాం. విశ్వాసుల ఇళ్లలో కట్నం లేదని సాక్ష్యం చెప్పేవారిని చూస్తే నాకు కోపం కన్నా సిగ్గు ఎక్కువ. ఎందుకంటే ఆ బల్ల మీద చేతులుంచి ప్రార్థన చేసినవాణ్ణి నేనే. ఒక తండ్రి ఉన్న ఎకరం అమ్మి ఆ డబ్బు తెచ్చాడని నాకు తెలుసు. తెలిసే “ఈ కానుకను ఆశీర్వదించు ప్రభువా” అన్నాను. ఆయన తల వంచుకునే ఉన్నాడు, ఆమేన్ అనలేదు.

అడగకుండా తల్లిదండ్రులు ప్రేమతో పిల్లకు పెట్టుకునేదాన్ని నేను తప్పనను. లెక్క తగ్గితే పెళ్లి ఆగిపోతుందంటే మాత్రం అది కానుక కాదు.

ఈ నెలలో మన సంఘంలో రెండు ప్రధానాలున్నాయి. బల్ల మీది డబ్బు కోసం ప్రార్థించమని నన్ను పిలవకండి. పిల్లల కోసం పిలవండి, తప్పకుండా వస్తాను.