పండుగ కథలు దాచిపెట్టే లెక్కలు

ఏ సంవత్సరానిదైనా సరే, ఒక సంక్రాంతి ప్రత్యేక సంచిక తెరిచి చూడండి. అందులో ఒక ప్రేమకథ తప్పకుండా వుంటుంది. మండువా లోగిలి, ముంగిట్లో గొబ్బెమ్మలు, పట్నం నుంచో అమెరికా నుంచో వచ్చిన బావ, లంగా ఓణీలో మరదలు. భోగినాడు చూపులు కలుస్తాయి. పండుగనాడు అలకలు. కనుమనాటికి పెద్దలు తాంబూలాలు పుచ్చుకుంటారు. మధ్యలో కొత్త అల్లుడి అలక పాన్పు ఒక సరదా సన్నివేశం. పుట్టింటికి వచ్చిన ఆడపడుచుకి అన్న చీర పెడతాడు, ఆమె కన్నీళ్ళు పెట్టుకుంటుంది. శుభం.

ఇందులో తప్పేముంది, పండుగపూట నాలుగు పేజీల సంతోషం కూడా చదువుకోనివ్వరా అని అడిగేవాళ్ళున్నారు. ప్రేమ గురించి రాయడం తప్పని నేనెప్పుడూ అనుకోలేదు. పొద్దస్తమానం చాకిరీ చేసిన మనిషి కాసేపు కథలో సేదదీరడం ఆమె హక్కు. నా అభ్యంతరం ఈ కథలు చేసే ఒక పని మీద. ఇవి అల్లుడి డిమాండును ఆచారంగానూ, ఆడపిల్ల హక్కును పుట్టింటివాళ్ళ ఆప్యాయతగానూ మార్చి చూపిస్తాయి. ఈ రెండు మార్పులూ కథలోనే ఆగిపోతే నేనీ వ్యాసం రాయను. అవి పోలీసు స్టేషనుకీ, కోర్టుకీ, సబ్‌రిజిస్ట్రారు ఆఫీసుకీ నడిచి వస్తున్నాయి.

ముందుగా ఆ లోగిలి ఎవరిదో చూద్దాం. పండుగ కథలో ఊరంటే గోదావరి ఒడ్డు. కొబ్బరిచెట్లు, పంటకాలువలు, నిండిన గాదెలు. మా పశ్చిమ ప్రకాశం కథల్లోకి రాదు. గుంటూరు-నంద్యాల రైలుమార్గంలో వినుకొండ దాటాక వచ్చే మా కురిచేడు పేరు దేశమంతా పత్రికల్లో కనిపించింది ఒక్కసారే. 2020లో, కరోనా రోజుల్లో, మద్యం దొరక్క శానిటైజర్ తాగి పదిమందికి పైగా చనిపోయినప్పుడు. కురిచేడు నుంచి మార్కాపురం, గిద్దలూరు దాకా ఎక్కువ భాగం వానమీద ఆధారపడిన మెట్టభూములు. ప్రత్యేక సంచికలో గొబ్బెమ్మల బొమ్మలు వేసే రోజుల్లోనే మిరపకోతలు మొదలవుతాయి. మెట్టపల్లెల ఆడవాళ్ళు పిల్లల్ని వెంటబెట్టుకుని గుంటూరు, పల్నాడు పొలాలకు కూలికి వెళ్ళే కాలం అది. వాళ్ళలో చాలామందికి పండుగ పరాయి ఊళ్ళో, మిరపకళ్ళం పక్కన వేసుకున్న గుడారంలో గడుస్తుంది. పండుగ అంటే సెలవు అని రాసేవాళ్ళకి, సెలవుపెట్టిన రోజు కూలి పోతుందన్న సంగతి తట్టదు. లోగిలి వున్న ఇంట్లోనైనా సెలవు ఎవరికి? అరిసెలు వండేది, ఇల్లంతా సున్నం వేసేది, ఇరవైమందికి వడ్డించి చివర్న తినేది ఎవరో కథలో ఒక్క వాక్యంలో వెళ్ళిపోతుంది. 'వంటింట్లోంచి ఘుమఘుమలు వస్తున్నాయి' అంటారు. ఘుమఘుమలు వాటంతటవే రావు.

ఇక అల్లుడి సంగతి. మొదటి పండుగకి వచ్చిన అల్లుడు అలుగుతాడు. మామగారు మోటారుసైకిలు తాళాలో, ఉంగరమో చేతిలో పెడతాడు. అందరూ నవ్వుతారు. పాఠకులూ నవ్వుతారు. ఈ సొమ్ము కోసం ఆ మామ ఎక్కడ అప్పు చేశాడు, నూటికి ఎంత వడ్డీకి తెచ్చాడు, ఇవ్వలేని సంవత్సరం ఆ పిల్లని పండుగ తర్వాత అత్తవారింట్లో ఎలా చూశారు అనే కథ రెండో భాగంగానైనా రాదు. ఎందుకంటే సంచిక అట్టమీదా లోపలా వుండే ప్రకటనలు బట్టల షాపులవీ, బంగారం కొట్లవీ. పెట్టుపోతలు పెరగాలనే వాటి కోరిక.

చట్టం ఈ విషయంలో ఎక్కడ నిలబడిందో మన కార్యకర్తలు తెలుసుకోవాలి. 1961 వరకట్న నిషేధ చట్టంలోని నిర్వచనాన్ని 1984, 1986 సవరణలు విస్తృతం చేశాయి. పెళ్ళికి ముందు, పెళ్ళిలో, పెళ్ళయిన తర్వాత ఎప్పుడైనా సరే, పెళ్ళికి సంబంధించి ఇచ్చినా ఇస్తామన్నా అది కట్నమే. అడక్కుండా పెళ్ళి సమయంలో ఇచ్చే కానుకలకు మినహాయింపు వుంది. వాటిని జాబితాగా రాసిపెట్టాలి. పెళ్ళికొడుక్కి ఇచ్చేవి ఇచ్చేవాళ్ళ తాహతుకి మించకూడదు. అయితే 2001లో సత్వీర్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు, బిడ్డ పుట్టినప్పుడూ ఇతర వేడుకలప్పుడూ ఆచారంగా ఇచ్చేవి కట్నం కిందికి రావని చెప్పింది. 2015లో రాజిందర్ సింగ్ కేసులో ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనం ఈ చట్టాన్ని స్త్రీల రక్షణ కోసం విశాలంగా అర్థం చేసుకోవాలంది. పెళ్ళి తర్వాత ఎప్పుడు అడిగిన సొమ్మయినా, వివాహిత మరణానికి దానితో సంబంధం కనబడితే, వాస్తవాలు స్పష్టంగా వేరేలా చెబితే తప్ప దాన్ని పెళ్ళికి సంబంధించిన డిమాండుగానే చూడాలని తీర్పు చెప్పింది. అయినా వాదన మళ్ళీమళ్ళీ అదే ప్రశ్న దగ్గరికి వస్తుంది: అది ఆచారమా, డిమాండా?

ఆ ప్రశ్నకి జవాబు చెప్పాల్సింది మన ఊళ్ళ ఆడవాళ్ళు. ఫిర్యాదు రాయించడానికి కూర్చున్నప్పుడు నేను అడుగుతాను: 'పండుగకి వాళ్ళేమన్నా అడిగారా అమ్మా?' వచ్చే జవాబు దాదాపు ఒకటే: 'అడిగిందేముందక్కా, అది మామూలేగా.' ఆ 'మామూలేగా' అన్న మాటతో కేసు సగం పోయినట్టే. ఆ మాట ఆమెకు ఎవరు నేర్పారు? అమ్మ నేర్పింది, అత్త నేర్పింది, నలభై యాభై ఏళ్ళుగా అలక పాన్పుని చూపించి నవ్వించిన కథలూ సినిమాలూ నేర్పాయి. 2024 జూలై 1 నుంచి 498ఎ స్థానంలో భారతీయ న్యాయ సంహితలోని 85, 86 సెక్షన్లు, 304బి స్థానంలో 80వ సెక్షను వచ్చాయి. సెక్షన్ల నంబర్లు మారాయి గానీ 'మామూలేగా' మారలేదు.

ఇంతకన్నా లోతైన మోసం అన్న పెట్టే చీరలో వుంది. మన రాష్ట్రంలో ఉమ్మడి ఆస్తిలో ఆడపిల్లకి మగపిల్లవాడితో సమానంగా వాటా ఇచ్చే సవరణ 1985 సెప్టెంబరు 5 నుంచే అమల్లోకి వచ్చింది. అప్పటికే పెళ్ళయిన వాళ్ళకి అది వర్తించలేదు. 2005 సెప్టెంబరు 9 నుంచి కేంద్ర చట్టం హిందూ వారసత్వంలో పెళ్ళయిన కూతుళ్ళకీ ఆ హక్కునిచ్చింది. ఆ తేదీనాటికి తండ్రి బతికి వుండనక్కర్లేదని, అది పుట్టుకతో వచ్చే హక్కని 2020 ఆగస్టు 11న వినీతా శర్మ కేసులో సుప్రీంకోర్టు తేల్చి చెప్పింది. అంటే పండుగ కథలో చీర అందుకుని కన్నీళ్ళు పెట్టుకునే ఆ ఆడపడుచు, చట్టం ప్రకారం ఆ లోగిలికి సహయజమాని. ఆమె అతిథిగా రావాల్సిన అవసరం లేదు.

కానీ ఊళ్ళో ఏం జరుగుతోంది? తండ్రి పోయిన ఏడాదిలోపు అక్కచెల్లెళ్ళని పిలిపించి తమకేమీ వద్దని సంతకాలు చేయిస్తారు. ఎందుకు పెట్టావమ్మా అంటే, 'మా అన్న పండగపండక్కీ చీర పెడతన్నాడు గదక్కా, వాటా అడిగితే రేపు ఏ మొహం పెట్టుకుని ఆ గడప తొక్కేది?' అంటారు. లెక్క వేసి చూడండి. ఏడాదికొక చీర చొప్పున ముప్ఫై ఏళ్ళు పెట్టినా ముప్ఫై చీరలు. ఆ ముప్ఫై చీరలకి కాలువ కింద అరెకరమైనా వస్తుందా? పుట్టింటికి రాకపోకలు అనేవాటిని ఆమె తన భూమితో కొనుక్కుంటోంది. ఈ బేరానికి ఆప్యాయత అని పేరుపెట్టి ప్రతి సంక్రాంతికీ మన చేత కన్నీళ్ళు పెట్టించేది పండుగ కథ.

ఈ కథల్లో ప్రేమ కూడా ఎంత జాగ్రత్తగా నడుస్తుందో గమనించారా? ఎప్పుడూ బావే. బావ కాకపోతే నాన్నగారి స్నేహితుడి కొడుకు. కులం పేరెత్తరు, ఎందుకంటే ఎత్తాల్సిన అవసరం రాకుండా కథ అల్లుతారు. పాలేరు కొడుకుతో ఆ ఇంటి అమ్మాయి భోగిమంట దగ్గర చూపులు కలిపితే ఏమవుతుంది? 2018 సెప్టెంబరులో మిర్యాలగూడలో ప్రణయ్‌ని గర్భవతి అయిన భార్య కళ్ళెదుటే నరికి చంపారు. కులం కాని వాణ్ణి పెళ్ళాడిందని అమ్మాయి తండ్రే చేయించిన హత్య అన్నది అభియోగం. ఆ తండ్రి 2020లో ఆత్మహత్య చేసుకున్నాడు. 2025 మార్చిలో నల్గొండ కోర్టు ఒకరికి ఉరిశిక్ష, ఆరుగురికి యావజ్జీవ శిక్ష విధించింది. పుట్టింటి ప్రేమకి షరతులుంటాయని చెప్పడానికి ఇంతకన్నా ఏం కావాలి? ఆ షరతుల్ని దాచిపెట్టి ప్రేమని పండుగ పిండివంటలా వడ్డించడం ప్రేమకథ కాదు. అది పెద్దలు కుదిర్చిన పెళ్ళికి వేసిన ముసుగు.

ఇక్కడ రచయిత్రుల గురించి ఒక మాట చెప్పకపోతే అన్యాయం చేసినదాన్నవుతాను. మగ విమర్శకులు ఈ తరహా రచనల్ని 'ఆడవాళ్ళ రాతలు' అని, 'వంటింటి సాహిత్యం' అని ఎగతాళి చేస్తూ వచ్చారు. ఆ ఎగతాళిలో మనం గొంతు కలపకూడదు. 1960లలో, 70లలో తెలుగు నవలని ఇంటింటికీ తీసుకెళ్ళింది రచయిత్రులే. అద్దె పుస్తకాల షాపుల్ని నిలబెట్టింది వాళ్ళ నవలలే. మగవాళ్ళు కొందరు ఆడపేర్లతో రాయాల్సి వచ్చిందంటే ఆ గిరాకీ ఎంతో ఊహించుకోవచ్చు. యద్దనపూడి సులోచనారాణి 'సెక్రటరీ'లో జయంతి ఉద్యోగం చేసుకుని బతికే అమ్మాయి. ఆఫీసు గడప తొక్కని వేలమంది ఆడపిల్లలకి అదొక కిటికీ. ఆ కథ రాజశేఖరం దగ్గర ముగిసిందని మనం విమర్శించవచ్చు, విమర్శించాలి కూడా. కానీ చదివినవాళ్ళని తెలివితక్కువవాళ్ళని అనే అధికారం ఎవరికీ లేదు. అదే కాలంలో, అదే వారపత్రికల్లో సీరియల్ రాసి రంగనాయకమ్మ కులాంతర వివాహం లోపలి నరకాన్ని 'బలిపీఠం'లో చూపించారు. పాఠకులు దాన్నీ చదివారు. కాబట్టి 'పాఠకులకి ఇదే కావాలి' అన్న సంపాదకుల మాట నమ్మదగ్గది కాదు.

పండుగ గురించే వేరేలా రాయొచ్చని పి.సత్యవతి చూపించారు. ఇల్లలకగానే పండుగ కాదన్న సామెతలో సగం తీసుకుని 'ఇల్లలకగానే' అని పేరుపెట్టి, ఇల్లు అలుకుతూ అలుకుతూ తన పేరే మరిచిపోయిన గృహిణి కథ రాశారు. మా సమావేశాల్లో ఆ కథ చెప్పినప్పుడల్లా నవ్వుతూ విన్నవాళ్ళు చివరికి నిశ్శబ్దమైపోతారు. తర్వాత ఒక్కొక్కరే తమ పేరు గట్టిగా చెప్పుకుంటారు. కథకి ఆ శక్తి వుందని మనకి పక్క జిల్లా కూడా నేర్పింది. నెల్లూరు జిల్లా దూబగుంటలో అక్షరాలు దిద్దుకుంటున్న ఆడవాళ్ళు, ఊళ్ళో సారాకొట్టు మూయించిన ఆడవాళ్ళ పాఠం చదివి, మనమెందుకు చెయ్యలేమని లేచారు. ఆ వుద్యమం 1992లో జిల్లా దాటింది. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతా సారా నిషేధం వచ్చింది. వాచకంలో ఒక చిన్న పాఠం అది. దాన్ని రాసినవాళ్ళు చదివేవాళ్ళ బతుకుని చూసి రాశారు.

ప్రత్యేక సంచికల రోజులు పోయాయి కదా, వారపత్రికలే చాలావరకు మూతపడ్డాయి కదా అంటారేమో. ఆ కథ మాత్రం మూతపడలేదు. ఫోన్లలో భాగాలు భాగాలుగా వస్తోంది. సినిమాహాళ్ళలో ప్రతి జనవరికీ వస్తోంది. 2017 సంక్రాంతికి వచ్చిన 'శతమానం భవతి'కి చక్కటి వినోదం అందించిన చిత్రంగా జాతీయ అవార్డు కూడా ఇచ్చారు. పిల్లలు పండుగకి ఊరు రావాలన్న ఆ తల్లిదండ్రుల ఆరాటాన్ని నేను తక్కువ చెయ్యను. ఊరు వచ్చిన కూతురికి ఆ ఊళ్ళో ఏం మిగిలింది అన్న ప్రశ్నని మాత్రం వదలను.

మనం ఏం చెయ్యాలి? నిషేధాలూ, తగలబెట్టడాలూ మన పని కాదు. వచ్చే సంక్రాంతికి ప్రతి సంఘంలోనూ ఒక పండుగ ప్రేమకథని కలిసి చదువుదాం. చదివాక పలకమీద లెక్క రాద్దాం. పలకలకి పేరుపడ్డ మార్కాపురం మనకి దగ్గరే. అల్లుడికి పెట్టినది ఎంత, దానికి వడ్డీ ఎంత, వంటింట్లో ఎన్ని గంటలు, కూతురి వాటా ఎన్ని సెంట్లు, ఆమె చేతికి వచ్చింది ఏమిటి. పుట్టింటికి పండుగకి వెళ్ళే ప్రతి స్త్రీకీ, ఏ కాగితం మీదా చదవకుండా, సలహా అడక్కుండా సంతకం పెట్టొద్దని చెబుదాం. పండుగకి ఏమడిగారో, ఎవరు అడిగారో, ఎప్పుడు అడిగారో తేదీతో సహా రాసిపెట్టుకోమని చెబుదాం. రేపు కోర్టులో 'మామూలే' అన్నదానికి ఎదురు నిలిచేది ఆ కాగితమే.

పండుగ కథలు రాసే చెల్లెళ్ళకీ అక్కలకీ నేను అడిగేది ఒకటే. మీ నాయికకి ప్రేమ ఇవ్వండి, వద్దన్నవాళ్ళు లేరు. దాంతోపాటు ఆమె వాటా పొలం ఆమె పేరున రాయండి. కోతల నుంచి కూలిడబ్బుతో తిరిగొచ్చిన ఆడమనిషినీ ఒక పండుగకి నాయికని చెయ్యండి. అలా రాసిన సంక్రాంతి కథని మా కురిచేడు ఆడవాళ్ళ మధ్య కూర్చుని గట్టిగా చదివి వినిపించడానికి నేను సిద్ధంగా వున్నాను.