ఫైర్ స్టేషన్ కాడ మూడు ప్రశ్నలు

ఇల్లు అంటుకున్నంక బాయి తవ్వినట్టు అన్నది పాత సామెత. మన పాలకులకు మాత్రం అది ఇప్పటికీ పాలనా పద్ధతి!

మిర్యాలగూడ రైస్ మిల్లుల ఊక గుట్టలు, సూర్యాపేట ఇరుకు గల్లీల్లో బట్టల దుకాణాలు, కోదాడ మీదుగా పగలూ రాత్రీ పరుగెత్తే ట్యాంకర్లు, ఊరూరా గడ్డివాములు. నిప్పు రాజుకోవడానికి కావలసినవన్నీ మన దగ్గర ఉన్నాయి. ఆర్పడానికి కావలసినవి ఎన్ని ఉన్నాయి?

ముందు ఒక విషయం తెలుసుకోవాలి. దేశమంతటికీ ఒకే అగ్నిమాపక దళం లేదు. రెండో ప్రపంచ యుద్ధంలో బాంబుల వాన కురిసినప్పుడు బ్రిటన్ 1941లో ఊరూరి దళాలను కలిపి జాతీయ దళం చేసింది. యుద్ధం ముగిశాక 1948లో మళ్లీ స్థానిక సంస్థలకే అప్పగించింది. మన దేశంలో అగ్నిమాపక సేవ రాష్ట్రాల బాధ్యత. 1992 నాటి 74వ రాజ్యాంగ సవరణ దానిని మున్సిపాలిటీల పనుల జాబితాలోనూ చేర్చింది. ముంబైలో నగర కార్పొరేషనే దళాన్ని నడుపుతున్నది. మన దగ్గర రాష్ట్ర హోం శాఖ కింద ఒకే శాఖ, దాని పెద్ద అధికారి హైదరాబాదులో. ఢిల్లీ ప్రమాణాలు చెబుతుంది, నాగపూర్‌లోని జాతీయ అగ్నిమాపక కళాశాలలో అధికారులకు శిక్షణ ఇస్తుంది. బండి కొనేది, మనిషిని పెట్టేది మాత్రం రాష్ట్రమే. కాబట్టి నెపం నెట్టడానికి ఇప్పుడు వేరే వాకిలి లేదు. 2014 జూన్ 2 తర్వాత ఇది మన ఇంటి లెక్క.

ఏ మూడు మాటల మీద ఉద్యమం నడిచిందో ఆ మూడు మాటలతోనే ఈ లెక్క చూద్దాం.

మొదటిది నీళ్లు. ఒక వాటర్ టెండర్‌లో పట్టేది సుమారు 4,500 లీటర్లు. పంపు జోరుగా కొడితే కొద్ది నిమిషాల్లో ఖాళీ. మళ్లీ నింపుకునేది ఎక్కడ? బండి ఒక శాఖది, నల్లా మున్సిపాలిటీది. సాగర్ ఎడమ కాలువ పారే నేలలో ఫైరింజన్ నీళ్ల కోసం దేవులాడుకోవడం కంటే సిగ్గుచేటు ఉంటుందా? మార్కెట్ కాడ, మిల్లుల కాడ, బస్టాండు కాడ నీళ్లు నింపే పాయింట్లు ఉండాలి, అవి ఎండకాలంలోనూ పనిచేయాలి.

రెండోది నిధులు. 50 వేల జనాభాకు ఒక పంపు, పట్నంలో 5 నుంచి 7 నిమిషాల్లో, పల్లెలో 20 నిమిషాల్లో చేరాలని కేంద్ర సలహా సంఘం ఏనాడో చెప్పింది. సూర్యాపేట, మిర్యాలగూడ 2011 లెక్కల్లోనే లక్ష దాటాయి. కోదాడ 60 వేలు దాటింది. అంటే ఒక్కో పట్టణానికి కనీసం రెండు పంపులు. ఇక పల్లెల సంగతి. గంటకు 40 కిలోమీటర్ల వేగంతో పోయే బండి 20 నిమిషాల్లో 13 కిలోమీటర్లు దాటదు. సూర్యాపేట, కోదాడల నడుమ దూరమే 40 కిలోమీటర్ల పైచిలుకు. నట్టనడుమ ఊరికి ఏ వైపు నుంచి బండి బయలుదేరినా బూడిదే మిగులుతుంది. అగ్నిమాపక సేవల ఆధునీకరణకు కేంద్రం 2023లో 5,000 కోట్ల పథకం ప్రకటించింది. అందులో మనలాంటి రాష్ట్రాలు తమ వంతు 25 శాతం పెట్టుకోవాలి. మన మూడు పట్టణాలకు అందులో వచ్చిందెంత?

మూడోది నియామకాలు. 2022లో పోలీసు నియామక మండలి 610 ఫైర్‌మెన్ పోస్టులకు నోటిఫికేషన్ ఇచ్చింది. 610 అంటే మన ఉద్యోగులకు మరిచిపోలేని అంకె. 1985 నాటి ఆ జీవో కాగితం మీద ఎంత కాలం నిద్రపోయిందో వారికే తెలుసు. అందుకే అడగాలి: మంజూరైన పోస్టులెన్ని, పనిలో ఉన్నవారెందరు, ఒక్కో షిఫ్టులో బండి ఎక్కేదెందరు? పైగా శాఖ పేరులో విపత్తు స్పందన అనే మాటా చేరింది. 2024 సెప్టెంబర్ 1 వరదలో కోదాడ మునిగింది. పేరు మారితే చాలదు, పడవలూ తాళ్లూ ఈత వచ్చిన మనుషులూ స్టేషన్‌లో ఉండాలి.

ఆర్పడం కంటే అంటుకోకుండా చూడడం మేలు. 1999 నాటి అగ్నిమాపక చట్టం ప్రకారం 15 మీటర్లు దాటిన వ్యాపార భవనాలకే కాదు, 6 మీటర్ల ఎత్తున్న బడులకూ ఫంక్షన్ హాళ్లకూ ఆ శాఖ అనుమతి కావాలి. అంతకు లోబడిన దుకాణాలు, గోదాములు మున్సిపాలిటీ కనుసన్నల్లోనివి. 2022 మార్చిలో బోయిగూడ తుక్కు గోదాములో 11 మంది బీహార్ కూలీలు, 2025 మేలో గుల్జార్ హౌజ్ కాడ ఒకే ఇంట్లో 17 మంది ప్రాణాలు విడిచారు. రాజధాని నడిబొడ్డునే ఇట్లా ఉంటే మన గల్లీల గతేమిటి?

ఏటా ఏప్రిల్ 14న, 1944లో బొంబాయి రేవులో అమరులైన ఫైర్‌మెన్‌ను తలచుకుంటారు. దండలు వేయడం మంచిదే. విద్యార్థులారా, ఉద్యోగులారా! ఆ రోజుకు ముందే మన మూడు స్టేషన్లకూ 2005 సమాచార హక్కు చట్టం కింద మూడు దరఖాస్తులు పెడదాం. నీళ్లెక్కడ? నిధులెంత? నియామకాలెన్ని? జవాబు రాకపోతే గేటు కాడ కూర్చుందాం. కూర్చోవడం మనకు కొత్త కాదు. మంటలారిపే మనిషి కోసం మనం కొట్లాడకపోతే, మన ఇల్లు అంటుకున్ననాడు ఆయన ఉత్త చేతులతోనే వస్తాడు.