నుక్తా చెరగని ముద్రణ

పెద్దల చేతివ్రాత ఇంటికి ఆస్తి. తాతగారి ఉర్దూ ఉత్తరమో, నాయనమ్మ నికాహ్‌నామాయో ఒక్క ప్రతిగా మిగిలినప్పుడు, దానిని ముద్రింపజేసి తోబుట్టువులందరికీ పంచాలనుకోవడం మెచ్చదగిన ఆలోచన. అయితే ఫోను తెరపై స్పష్టంగా కనిపించిన వ్రాత కాగితంపై మసకబారడం మనం చూస్తూనే ఉన్నాము.

కారణం సులభమైనదే. డిజిటల్ చిత్రం పిక్సెళ్లు అనబడే చిన్న గడుల సముదాయం. అంగుళానికి ఎన్ని గడులు అమరుతాయన్నదే రిజల్యూషన్. చేతపట్టుకొని చదివే ప్రతికి అంగుళానికి 300 ఉండడం ముద్రణలో వాడుక. అనగా 5 అంగుళాల వెడల్పు, 7 అంగుళాల పొడవు గల ఉత్తరానికి 1500, 2100 పిక్సెళ్లు కావాలి. దానినే రెండింతల కొలతతో ముద్రిస్తే అంగుళానికి 150 మాత్రమే మిగులుతాయి.

ఉర్దూ లిపిలో ఈ లోపం కంటికి ఇబ్బందితో ఆగదు, అర్థాన్నే మార్చివేస్తుంది. రహ్మత్ అన్న మాటలో మొదటి అక్షరంపై ఒక్క నుక్తా చేరితే అది జహ్మత్ అవుతుంది. కరుణ కాస్తా కష్టంగా మారుతుంది. గడులు చాలకపోతే ఉన్న నుక్తా చెరిగిపోతుంది. స్కానరు అద్దంపై ధూళి కణముంటే లేని నుక్తా పుట్టుకొస్తుంది.

కనుక ముందుగా అద్దాన్ని మెత్తని పొడిగుడ్డతో తుడవాలి. చిన్న వ్రాత అయినా, పెద్దదిగా ముద్రించదలచినా స్కానింగులోనే 600 ఎంచుకోవాలి. తరువాత కంప్యూటరులో అంకెను 72 నుండి 300కు మార్చినంత మాత్రాన కొత్త వివరమేదీ రాదు. గడుల సంఖ్య అంతే ఉంటే ముద్రణ కొలత తగ్గుతుంది. గడులను పెంచమంటే, కంప్యూటరు ప్రక్క గడులను చూసి ఊహించి నింపుతుంది. పోయిన నుక్తాను ఊహ తిరిగి తేలేదు.

వాట్సాప్‌లో ఫోటోగా పంపితే చిత్రం కుదించబడుతుంది. డాక్యుమెంటుగా పంపితే ఫైలు యథాతథంగా చేరుతుంది. ముద్రణాలయానికి స్క్రీన్‌షాట్ ఇవ్వరాదు.

అన్ని ప్రతులూ వేయించకముందు ఒక్క ప్రతి తీయించండి. దానిని అసలు కాగితం ప్రక్కన ఉంచి, ఉర్దూ చదవగలిగిన పెద్దవారిచే ప్రతి పంక్తినీ సరిచూపించండి. పెద్దల మాట మనవద్ద అమానతు. అందులో ఒక్క చుక్క తగ్గకుండా, ఒక్క చుక్క పెరగకుండా పిల్లలకు అందించడం మన బాధ్యత.