ఇంటి ముచ్చట్లు: కొసరి వడ్డించరానిది

ప్రతి సంచికలో లాగే ఈసారీ మా ఇంటి సంగతే రాస్తున్నాను. ఎప్పుడూ వంట కుదిరిన కబుర్లు చెబుతుంటాను కదా, ఈసారి నా మర్యాద బెడిసికొట్టిన ముచ్చట చెబుతాను.

పోయిన క్రిస్మస్‌కి పుంగ్గోల్‌లో మా ఫ్లాట్‌లోనే విందు పెట్టుకున్నాం. ఒకప్పుడు పందుల పెంపకానికీ, కోళ్ల ఫారాలకూ పేరుపడ్డ ఊరిది. 1996లో కొత్త పట్టణం ప్రణాళిక ప్రకటించి, 2003లో ఎం.ఆర్.టి. రైలు వేశాక రూపే మారిపోయింది. ఇప్పుడు చుట్టాలకి లోటు లేదు. మన తెలుగు కుటుంబాలు నాలుగు, ఎదురింటి చైనీస్ దంపతులు, పై అంతస్తు మలయ్ కుటుంబం, మావారి ఆఫీసులో కొత్తగా చేరిన అబ్బాయీ అతని భార్యా, అందరినీ పిలిచాం. నెల్లూరు జిల్లా నుంచి మా అత్తయ్య కూడా వచ్చి ఉన్నారు.

వారం ముందు నుంచే వంటింట్లో పండగ మొదలైంది. అత్తయ్య గులాబీ పువ్వులు, కజ్జికాయలు, అరిసెలు చేశారు. మలయ్ వాళ్ల పిల్లలు కూడా తినాలని కేకులో వేసే ఎండు పళ్లను రమ్ము జోలికి పోకుండా కమలారసంలో నానబెట్టాను. కోడిమాంసం హలాల్ దుకాణంలో తెచ్చి, కొత్త గిన్నెలో వండాను.

మావారు మూడు సీసాల వైన్ తెచ్చారు. ఇక్కడ వైన్ చవక కాదని మీకు తెలుసు. అందులో ఉన్న ఆల్కహాల్‌కి లీటరుకు 88 డాలర్ల సుంకం. 13 శాతం ఉన్న 750 మి.లీ. సీసా మీద సుంకమే దాదాపు ఎనిమిదిన్నర డాలర్లు, ఆపైన జి.ఎస్.టి. వగరు ఎక్కువున్న ఎర్ర వైన్ తాగితే మన గోంగూర మటన్ కారం ఇంకా మండుతుందనీ, కాస్త తీపి ఉన్న తెల్ల వైన్ మేలనీ ఆయన వాకబు చేసొచ్చారు. ఈ ఉక్కలో ఎర్ర వైన్‌నైనా అరగంట ఫ్రిజ్‌లో పెట్టాలట. మలయ్ వాళ్లు ఇబ్బంది పడకుండా సీసాలను భోజనాల బల్ల మీద పెట్టకుండా, వేరే మూల చిన్న బల్ల మీద సర్దాం. అత్తయ్య వాటి వంక ఒకసారి చూసి, ఏమీ అనకుండా లోపలికి వెళ్లిపోయారు.

విందు బాగానే సాగింది. మావారు గ్లాసుల్లో పోస్తున్నారు, నేను అందిస్తున్నాను. ఆఫీసు అబ్బాయి మాత్రం "వద్దండీ" అన్నాడు. మన సంగతి తెలుసుగా, అతిథి వద్దన్నకొద్దీ వడ్డించడమే మనకు మర్యాద! "పండగ పూట కాదనకూడదు, మా ఇంటికి మొదటిసారి వచ్చావు, ఒక్క గుక్క" అన్నాను. అతను నవ్వుతూ గ్లాసు మీద చెయ్యి అడ్డం పెట్టాడు. నేను ఆ చెయ్యి తియ్యమని కూడా అన్నాను. పక్కనున్నవాళ్లూ వంత పాడారు. అతని భార్య తల వంచుకుంది. నాకది బిడియంలా కనిపించింది.

ఇంతలో అత్తయ్య వంటింట్లోంచి రెండు గ్లాసుల అల్లం నిమ్మ షర్బత్ పట్టుకొచ్చారు. ఒకటి అతని చేతిలో పెట్టి, "నేనూ ఇదే తాగుతున్నా నాయనా, నాకు తోడు కూర్చో" అన్నారు. అతను ఆమె పక్కనే కూర్చుని, విందు అయ్యేదాకా లేవలేదు.

మర్నాడు ఆ అమ్మాయి ఫోన్ చేసింది. "ఆయన మానేసి పద్నాలుగు నెలలైంది అక్కా. నిన్న మీ ఇంటికి రావడానికే భయపడ్డారు. అత్తయ్యగారే లేకపోతే ఏమయ్యేదో" అంది. నాకు నోట మాట రాలేదు. పై అంతస్తు వాళ్ల కోసం కొత్త గిన్నె కొన్నదాన్ని, మన పిల్లవాడు ఎందుకు వద్దంటున్నాడో ఆలోచించలేకపోయాను.

ఆ రాత్రి అత్తయ్య దగ్గర కూర్చున్నాను. 1992లో దూబగుంట ఆడవాళ్లు సారా దుకాణం మూయించిన సంగతి, ఆ కబురు విని వాళ్ల ఊళ్లో ఆడవాళ్లంతా చీపుళ్లు పట్టుకుని బయలుదేరిన సంగతి చెప్పారు. రాత్రి బడిలో చదువుకున్న పాఠం నుంచే ఆ ఉద్యమం రాజుకుంది. 1993 అక్టోబర్ 1 నుంచి రాష్ట్రమంతటా సారా నిషేధించారు. 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం వచ్చింది, 1997లో దాన్ని సడలించారు. ఇదంతా నేను చదివిందే. ఆ తర్వాత ఆమె చెప్పింది మాత్రం ఎక్కడా చదవలేదు.

"మీ మామయ్య రెండుసార్లు మానేశారమ్మా. మళ్లీ మొదలుపెట్టించింది పగవాళ్లు కాదు. ఒకసారి పెళ్లిలో, ఒకసారి పండక్కి, ప్రేమగా చుట్టాలే పోశారు."

వెళ్లి ఆ దంపతులకు క్షమాపణ చెప్పుకున్నాను. ఈ ఏడాది కూడా విందు ఉంది, వైన్ కూడా ఉంటుంది. కానీ పద్ధతి మార్చాం. షర్బత్, ద్రాక్షరసం, మంచినీళ్లు, వైన్ అన్నిటికీ ఒకే రకం గ్లాసులు. ఎవరికి కావలసింది వారే పోసుకుంటారు. సీసాకి 150 మి.లీ. చొప్పున అయిదు గ్లాసులే వస్తాయి, అవి అయిపోతే ఇంకొకటి తియ్యం. కారు నడిపేవాళ్లు షర్బత్ వైపే. ఎందుకు తాగడం లేదని అడగడం మా గడపలో నిషేధం. ఒకరు మందులు వాడుతుండొచ్చు, ఒకరు కడుపుతో ఉండొచ్చు, ఒకరు లోలోపల పెద్ద యుద్ధమే చేస్తుండొచ్చు. పండగ పూట వాళ్లచేత సంజాయిషీ చెప్పించడం ఏం మర్యాద?

ఆ అబ్బాయీ అమ్మాయీ వస్తామన్నారు. అత్తయ్య నెల్లూరు నుంచి ఫోన్‌లోనే షర్బత్ కొలతలు చెప్పారు.

అన్నట్టు, మా ఇంటికి వచ్చేవాళ్లు నిశ్చింతగా ఉండకండి. చేపల పులుసు, అరిసెల విషయంలో నా కొసరు ఎప్పటిలాగే ఉంటుంది. అక్కడ మాత్రం "వద్దండీ" అంటే వినను సుమండీ!