“ఏమీ చెయ్యను” అనకండి

మా పక్కింటి వదిన సారపాక నుంచి భద్రాచలం వస్తుంటే ఆటోని లారీ గుద్దింది. కుడిచెయ్యి విరిగింది. నష్టపరిహారం కేసుకని ప్లీడరు గారి దగ్గరికి తోడెళ్లాను.

“ఏం పని చేస్తారమ్మా?” అనడిగారు.

“ఏమీ చెయ్యనండీ, ఇంట్లోనే ఉంటాను” అంది వదిన.

ఆయన కలం పక్కన పెట్టి, “పొద్దున లేచింది మొదలు చెప్పండి” అన్నారు. నీళ్లు మొయ్యడం, వంట, అత్తగారి మందులు... చెబుతూ చెబుతూ ఏడ్చేసింది.

2001లోనే సుప్రీంకోర్టు ఓ కేసులో ఇల్లాలి సేవలకి నెలకి 3,000 రూపాయలు విలువ కట్టిందట!

ఇంకో మాట. వచ్చే పరిహారంలో ప్లీడరు వాటా అడగడం నిబంధనలకి విరుద్ధం. అలా అడిగితే లేచి వచ్చెయ్యండి. ఆడవాళ్లకి ఆదాయంతో పనిలేకుండా న్యాయసేవాధికార సంస్థ ఉచితంగా ప్లీడరుని ఇస్తుంది. ఆస్పత్రి చీటీలు, ఎఫ్.ఐ.ఆర్. కాపీ మాత్రం పోపులడబ్బాలో డబ్బుల్లా దాచుకోండి.