కొళాయి మార్చే ముందు గొట్టం చూడండి

వంటింట్లో ఎక్కువసార్లు చెయ్యి పడే చోట్లలో కొళాయి పిడి ఒకటి. చికెన్‌కు ఉప్పూ కారం పట్టించిన చెయ్యి, గుడ్డు పగలగొట్టిన చెయ్యి, మట్టి అంటిన ఆకుకూర తుంచిన చెయ్యి, అన్నీ దానిమీదే పడతాయి. సబ్బుతో శుభ్రంగా కడుక్కున్నాక కొళాయి కట్టేయడానికి మళ్లీ ఆ పిడినే పట్టుకుంటాం. పచ్చిమాంసం మీద ఉండే సాల్మొనెల్లా, క్యాంపైలోబ్యాక్టర్ లాంటి సూక్ష్మజీవులు ఈ దారిలోనే సలాడ్ ముక్కల్లోకో, పిల్లల పెరుగన్నంలోకో చేరిపోతుంటాయి.

మన పెద్దవాళ్లకు ఈ జాగ్రత్త తెలుసు. గాబు దగ్గర ఒకరు చెంబుతో నీళ్లు పోస్తుంటే మరొకరు చేతులు కడుక్కునేవారు. మురికి చేత్తో చెంబు ముట్టుకోనిచ్చేవారు కాదు. ఇప్పుడు ఆ పోసే చెయ్యి పనిని సెన్సర్ చేస్తోంది. చెయ్యి చూపిస్తే నీళ్లు వస్తాయి, తీసేస్తే ఆగిపోతాయి. ఆసుపత్రుల్లో, విమానాశ్రయాల్లో చూసిన ఈ కొళాయిలు ఇప్పుడు ఇళ్లలోకీ వస్తున్నాయి. కొత్త ఫ్లాట్లలో అమర్చుకోవడం తేలికే. పాతికేళ్లో ముప్పై ఏళ్లో నిండిన ఇంట్లో మాత్రం అది ఒక్క కొళాయితో అయ్యే పని కాదు. సెన్సర్ కొళాయి మంచి వస్తువే. కానీ పాత ఇంట్లో డబ్బు ఖర్చుపెట్టాల్సిన మొదటి చోటు అది కాదు. నీళ్లు ఎలా ఉన్నాయి, ఏ గొట్టంలోంచి వస్తున్నాయి అన్నది ముందు చూసుకోవాలి.

సెన్సర్ కొళాయి లోపల ఏముందో కాస్త తెలుసుకుంటే ఈ మాట ఎందుకు అంటున్నామో అర్థమవుతుంది. మూతి దగ్గర ఉన్న చిన్న కన్ను కంటికి కనిపించని పరారుణ కిరణాలను వదులుతుంది. చేతికి తగిలి అవి వెనక్కి రాగానే సింకు కింద ఉన్న విద్యుత్ వాల్వుకు సంకేతం వెళుతుంది. ఆ వాల్వులో పల్చటి రబ్బరు పొర, దానికి సన్నటి రంధ్రం ఉంటాయి. నీటి ఒత్తిడి సాయంతోనే ఆ పొర తెరుచుకుంటుంది, మూసుకుంటుంది. అంటే ఈ కొళాయి సరిగ్గా పనిచేయాలంటే రెండు కావాలి. నీళ్లలో నలక ఉండకూడదు, తగినంత ఒత్తిడి ఉండాలి. పాత ఇళ్లలో కొరవడేవి సరిగ్గా ఈ రెండే.

ముందుగా నలక సంగతి. పాత ఇళ్లలో జీఐ పైపులు ఎక్కువ. ఏళ్లు గడిచేకొద్దీ లోపలి జింకు పూత అరిగిపోయి తుప్పు పడుతుంది. ఆ తుప్పు రేణువులు వాల్వు రంధ్రంలో ఇరుక్కుంటే కొళాయి తెరుచుకోదు, లేదా ఆగకుండా కారుతూనే ఉంటుంది. బోరు నీళ్లయితే సున్నపు పొర కూడా తోడవుతుంది. తాగునీటి కాఠిన్యం లీటరుకు 200 మిల్లీగ్రాములు దాటకుండా ఉండటం మేలని, వేరే నీటి వనరు లేనప్పుడు 600 వరకు అనుమతించవచ్చని భారతీయ ప్రమాణాల సంస్థ చెబుతోంది. మీ బకెట్ల అంచున తెల్లటి చారలు కడుతున్నాయంటే మీ నీళ్లు గట్టివే. ఆ తెల్లదనమే రేపు వాల్వులోనూ పేరుకుంటుంది.

ఈ పైపుల గొడవ కొళాయితోనే ఆగదు, మన ఆరోగ్యం దాకా వస్తుంది. మన దేశంలో పీవీసీ పైపుల తయారీలో చాలాకాలం సీసం కలిపారు. దాన్ని దశలవారీగా మాన్పించడానికి కేంద్రం 2021లో నిబంధనలు తెచ్చింది. పాత ఇత్తడి కొళాయిల్లో, జాయింట్లలో కూడా కొంత సీసం ఉంటుంది. రాత్రంతా పైపులో నిలిచిన నీటిలోకి అది కొద్దికొద్దిగా దిగుతుంది. ఎదిగే పిల్లల మెదడుకు సీసం చేసే హాని తిరిగి సరిదిద్దలేనిది. నీళ్లు మరిగిస్తే సూక్ష్మజీవులు చస్తాయి గానీ సీసం పోదు. అందుకే పొద్దున్నే వచ్చే మొదటి నీళ్లను వంటకు వాడకండి. ఒకటి రెండు బకెట్లు పట్టి ఇల్లు తుడవడానికో, వాకిలి కడగడానికో వాడుకోండి.

ఇక ఒత్తిడి. డాబా మీద ట్యాంకు నుంచి నీళ్లు వాటి బరువుతోనే కిందికి దిగుతాయి. పది మీటర్ల ఎత్తుకు సుమారు ఒక బార్ ఒత్తిడి వస్తుంది. ఒక్క అంతస్తు ఇంట్లో ట్యాంకు అడుగుకూ వంటింటి కొళాయికీ మధ్య మూడు మీటర్ల ఎత్తు ఉందనుకుంటే మీకు దక్కేది 0.3 బార్ మాత్రమే. చాలా మోడళ్లకు కనీసం 0.5 బార్ కావాలి. కొన్నింటికి ఇంకా ఎక్కువే కావాలి. ఈ అంకె పెట్టె మీద గానీ లోపలి కాగితం మీద గానీ రాసి ఉంటుంది. షాపులో డబ్బు కట్టే ముందే అడిగి చూసుకోండి. ఒత్తిడి పెంచే మోటారు పెట్టుకోవచ్చు గదా అంటారు. పెట్టుకోవచ్చు. కానీ ఇన్నేళ్లూ తక్కువ ఒత్తిడికి అలవాటు పడ్డ పాత జాయింట్లు ఆ తోపుకు గోడలోనే కారడం మొదలుపెట్టవచ్చు. అనుభవమున్న ప్లంబరు చేత లైను పరీక్ష చేయించకుండా ఆ పని వద్దు.

అమర్చే చోటూ చిక్కే. పాత వంటిళ్లలో కొళాయి గోడకు ఉంటుంది. సెన్సర్ కొళాయిలు ఎక్కువగా సింకు మీదో గ్రానైటు గట్టు మీదో నిలబెట్టేవి. రాయికి రంధ్రం చేయాలి, నీటి పాయింటును సింకు కిందికి దింపాలి, టైల్స్ పగలగొట్టాలి. ఆర్వో యంత్రానికి నీళ్లు వెళ్లే పాయింటు కూడా అక్కడే ఉంటే దాన్ని విడిగా నిలుపుకోవాలి. వాల్వుకు ముందు ఒక జల్లెడ ఫిల్టరు, నీళ్లు కట్టేయడానికి ఒక యాంగిల్ కాక్ తప్పనిసరి. సింకు కింద ఎప్పుడూ తడే కనుక ప్లగ్గుతో నడిచే రకం కంటే బ్యాటరీ రకం మేలు. కరెంటు రకమే కావాలంటే సరైన ఎర్తింగు, 30 మిల్లీ యాంపియర్ల ఆర్‌సీసీబీ రెండూ ఉండాల్సిందే. బ్యాటరీ అయిపోయినా చేత్తో తిప్పుకునే ఏర్పాటు ఉన్న మోడలే తీసుకోండి. బిందె నింపాలన్నా, గిన్నెలు తోమాలన్నా ఆ ఏర్పాటు అక్కరకొస్తుంది. వేడినీళ్లు కూడా వచ్చే కొళాయి అయితే ఇంతకుముందు వాడినవారు ఏ వేడికి పెట్టారో ఒకసారి చూసుకోవాలి. చిన్నపిల్లలు చెయ్యి పెట్టగానే పొగలుగక్కే నీళ్లు పడకూడదు.

ముట్టుకోని కొళాయి కనుక దానికి సూక్ష్మజీవులే అంటవనుకోవడం మాత్రం పొరపాటు. అమెరికాలో బాల్టిమోర్‌లోని జాన్స్ హాప్కిన్స్ ఆసుపత్రి పరిశోధకులు తమ కొళాయిలను పరీక్షించి 2011లో ఫలితాలు చెప్పారు. సెన్సర్ కొళాయిల నీటి నమూనాల్లో సగం వాటిలో లెజియోనెల్లా బ్యాక్టీరియా కనిపించింది. మామూలు కొళాయిల్లో అది 15 శాతమే. సెన్సర్ కొళాయి లోపల వాల్వులు, మలుపులు ఎక్కువ. బ్యాక్టీరియా అతుక్కుని పెరగడానికి అవి చోటిస్తున్నాయని వారు భావించారు. లెజియోనెల్లా సన్నటి తుంపరల ద్వారా ఊపిరితిత్తుల్లోకి చేరి న్యుమోనియా తెస్తుంది. వృద్ధులకు, పొగతాగేవారికి, రోగనిరోధక శక్తి తగ్గినవారికి ముప్పు ఎక్కువ. అది ఆసుపత్రిలో చేసిన పరిశీలన, మన వంటింటికి అచ్చంగా అలాగే వర్తిస్తుందని చెప్పలేం. అయితే గోరువెచ్చగా నిలిచిన నీళ్లంటే ఆ బ్యాక్టీరియాకు ఇష్టం. మన ఎండల్లో డాబా మీది ట్యాంకు నీళ్లు అలాంటివే. కాబట్టి ట్యాంకును క్రమం తప్పకుండా కడిగించండి, మూత బిగించి ఉంచండి. కొళాయి మూతికున్న జల్లెడను అప్పుడప్పుడు విప్పి, వెనిగర్‌లో నానబెట్టి శుభ్రం చేయండి. ఊరెళ్లి వచ్చాక కొన్ని నిమిషాలు నీళ్లు వదిలేసి అప్పుడు వాడుకోండి.

మరి ఎవరికి ఈ కొళాయి నిజంగా ఉపయోగం? కీళ్లవాతంతో పిడి తిప్పలేని అమ్మమ్మకు, చేతులు వణికే తాతయ్యకు, కొళాయి కట్టేయడం మరిచిపోయే పెద్దవాళ్లున్న ఇంటికి. ఒత్తిడి బాగుండి, పైపులు బాగుండి, ఖర్చుకు వెనకాడనవసరం లేకపోతే నిశ్చింతగా పెట్టుకోండి. అవి లేవంటే నిరాశ పడక్కర్లేదు. పొడవాటి పిడి ఉన్న పావు మలుపు కొళాయి తీసుకుంటే మోచేత్తోనే తెరిచి కట్టేయవచ్చు. ఆపరేషన్ థియేటర్ల బయట డాక్టర్లు చేతులు కడుక్కునే చోట ఇలాంటివి చూసే ఉంటారు. సెన్సర్ కొళాయితో పోలిస్తే ధర బాగా తక్కువ. బ్యాటరీ అక్కర్లేదు, తక్కువ ఒత్తిడిలోనూ పనిచేస్తుంది, టైల్స్ పగలగొట్టే పనీ లేదు. ఇప్పుడున్న కొళాయి చోటులోనే కూర్చుంటుంది.

ఏ కొళాయి అయినా చేతులు కడగాల్సింది మనమే. సబ్బుతో చేతులు కడుక్కునే అలవాటు విరేచనాల జబ్బులను సుమారు 30 శాతం తగ్గిస్తుందని అధ్యయనాలు చెబుతున్నాయి. ఆ మేలు సెన్సర్‌ది కాదు, సబ్బుది. కనీసం 20 సెకన్లు, వేళ్ల సందుల్లో, గోళ్ల కింద, బొటనవేలి చుట్టూ రుద్దాలి. మామూలు కొళాయే ఉంటే చేతులతో పాటు పిడికీ సబ్బు నురగ పట్టించి కడిగేయండి. పచ్చిమాంసాన్ని ధార కింద పెట్టి కడగకండి, ఆ తుంపరలు గట్టంతా పడతాయి.

ఈ ఆదివారం చిన్న పరీక్ష చేయండి. ఎవరూ కొళాయి తిప్పకముందే తెల్లటి గిన్నెలో మొదటి నీళ్లు పట్టండి. ఎర్రగా ఉన్నాయా, అడుగున నలక దిగిందా చూడండి. ట్యాంకు అడుగు నుంచి కొళాయి వరకు ఎత్తు కొలవండి. ట్యాంకు ఎప్పుడు కడిగించారో ఇంట్లో అడగండి. ఈ మూడింటికీ మంచి జవాబు వస్తే కొత్త కొళాయి కోసం షాపుకు వెళ్లవచ్చు. రాకపోతే అదే డబ్బుతో ముందు ప్లంబరును పిలవండి, పాత పైపు మార్పించండి. వంటింటికి మంచి నీళ్లు రావడం ముఖ్యం, అవి ఏ కొళాయిలోంచి వచ్చాయన్నది ఆ తర్వాతి మాట.