మన ఆదివారారాధన – సంఘ సహవాసము

మన పాఠశాల సంచికలో విద్యను గూర్చియు, ఆటలను గూర్చియు, ఆరోగ్యమును గూర్చియు వ్యాసములు తరచుగా వెలువడుచున్నవి. ఈ యేట మేము మరియొక విషయమును చదువరుల యెదుట నుంచగోరుచున్నాము. ఆదివారమున మనము చేయు ఆరాధన మనలను ఒకరికొకరిని దగ్గర చేయుచున్నదా? మనలను క్రీస్తునకు శిష్యులనుగా తీర్చుచున్నదా? లేక గంట మ్రోగినప్పుడు కూడి, దీవెన పలికినప్పుడు విడిపోవు శ్రోతలనుగా మాత్రమే నిలుపుచున్నదా? దైవసేవకులను తప్పుపట్టుటకై మేమీ ప్రశ్న వేయుటలేదు. తప్పు మనయందరిది, అందు మొదటి పాలు ఉపాధ్యాయులమైన మాది.

ఒక సంగతి చెప్పెదము. కొన్ని సంవత్సరముల క్రిందట మేమెరిగిన యొక సంఘములో ఒక వృద్ధ వితంతువు ఉండెడిది. అందరును ఆమెను మామ్మ యని పిలుచుచుండిరి. ప్రతి ఆదివారము మొదటి గంటకే వచ్చి, స్త్రీలవైపున గోడ కానుకొని చాపమీద కూర్చుండుట ఆమె వాడుక. ఒకప్పుడు ఆమె రాక మానెను. ఆమె చోటు ఖాళీగా నున్నదని పలువురు గమనింపనే లేదు; గమనించినవారును ఏ కూతురింటికో పోయియుండునని తలంచిరి. కడకు సంవత్సరాంతమున చందాల పుస్తకము సరిచూచుచు కోశాధికారి, ఆమె పేరున తొమ్మిది వారముల గడులు ఖాళీగా నుండుట చూచి విచారింపబోగా, ఆమె కాలు విరిగి మంచము పట్టియుండెను. పొరుగింటివారు, క్రైస్తవులు కానివారు, పూటపూటకు చోడి అంబలి కాచి ఆమెకు పోయుచుండిరి. ఆ తొమ్మిది ఆదివారములును మేమును ఆ మందిరములోనే కూర్చుంటిమి. సహోదర ప్రేమను గూర్చి కీర్తనలు పాడితిమి. మనుష్యులకంటె ముందుగా చందాల పుస్తకము ఆమెను తలంచుకొనెను గదా యని నాడు మేము పడిన సిగ్గు నేటికిని మమ్ము విడువలేదు.

ఆ పిమ్మట ఒక సోమవారమున మేము తరగతిలోని క్రైస్తవ విద్యార్థులను, నిన్నటి ప్రసంగమేమని యడిగితిమి. నలుగురైదుగురు వాక్యభాగము చెప్పిరి. దానివలన మీరు ఈ వారము ఏమి చేయదలచితిరని యడుగగా ఒకరి ముఖము ఒకరు చూచుకొనిరి. వారు మందబుద్ధులు కారు. గణితములోను చరిత్రలోను చురుకైనవారే. అట్టి ప్రశ్న ఆదివారమున వారినెవ్వరును అడిగియుండలేదు, అంతియే. ఉపాధ్యాయ శిక్షణ కళాశాలలో మాకు మొదట నేర్పిన పాఠ మొకటి కలదు: గురువు చెప్పి ముగించినంత మాత్రమున పాఠము ముగిసినట్లు కాదు, శిష్యుడు దానిని తన మాటలతో తిరిగి చెప్పి, తన చేతితో చేసి చూపినప్పుడే అది ముగిసినది. లెక్కల పాఠమునకు మనము విధించు ఈ నియమమును వాక్యబోధకు విధింపకుండుట న్యాయమా? రెండు గంటల ఆరాధనలో బోధకుని కంఠము వినబడును, గాయక బృందము కంఠము వినబడును, ప్రకటనలు చదువు కార్యదర్శి కంఠము వినబడును. తన సంతోషమునుగాని దుఃఖమునుగాని సందేహమునుగాని సామాన్య సభ్యుడు నోరువిప్పి చెప్పుటకు అందు చోటెక్కడ?

మన ప్రాంతమున సువార్త మొదలైన విధమును ఇచ్చట జ్ఞాపకము చేసికొందము. లండన్ మిషను వారగు క్రాన్, డెగ్రాంజి అను ఇరువురు 1805వ సంవత్సరమున విశాఖపట్టణమునకు వచ్చిరి. వారు మొదట చేసిన పని తెలుగు నేర్చుట, బడి పెట్టుట, ఆనందరాయరు అను దేశీయునితో కూర్చుండి సువార్తలను తెనిగించుట. క్రాన్ 1809లోను, డెగ్రాంజి 1810లోను గతించిరి. వారు మొదలిడిన తెనుగు సువార్తలు 1812లో శ్రీరాంపురమున అచ్చుపడెను. గొప్ప మందిరములును పెద్ద సభలును ఇంకను లేని ఆ దినములలో సంఘమనగా ఒక అరుగు, ఒక దీపము, ప్రశ్న వేయు ఒకడు, సమాధానము చెప్పు మరియొకడు. 1803లో పుట్టి 1833లో బాప్తిస్మము పొందిన పురుషోత్తమ చౌదరిగారు ఈ ఉత్తర దేశమందు సువార్త ప్రకటించుచు, మన రాగములలో మన తాళములలో కీర్తనలు రచించిరి. చదువురాని వారును చెవితో విని, నోటితో పాడి, ఇంటికి తీసికొనిపోగల వేదపాఠములవి. కెనడా బాప్తిస్టు మిషను వారు 1874లో కాకినాడకు వచ్చుటకు ముందే అచ్చట పని ప్రారంభించినవాడు తామస్ గాబ్రియేలు అను తెలుగువాడు. ఆ మిషను పని తరువాత బొబ్బిలి, శ్రీకాకుళము, భీమునిపట్టణములకు వ్యాపించెను. దేశీయులు శ్రోతలై యూరకుండక పనివారైనందుననే ఈ సంఘములు వేరూనినవి.

అపొస్తలుల కార్యములను చదువువారు ఆది సంఘపు జీవితమందు నాలుగు సంగతులను చూతురు: బోధ, సహవాసము, రొట్టె విరుచుట, ప్రార్థన. వారు దేవాలయమందును కూడిరి, ఇంటింటను కూడిరి. మనము మొదటిదానిని గట్టిగా పట్టుకొని రెండవదానిని జారవిడిచితిమి. పునరుత్థాన దినపు సాయంకాలమున తోమా శిష్యులతో లేకపోయెను. తక్కిన శిష్యులు అతనికి సంగతి చెప్పిరి. అతడు నమ్మనన్నను త్రోసివేయలేదు. ఎనిమిది దినములైన పిమ్మట అతడు వారి మధ్యనే యుండెను. ఒక ఆదివారము రానివానిని, వచ్చియు సందేహించువానిని ఏమి చేయవలెనో ఈ కథ చక్కగా నేర్పుచున్నది. ఇంగ్లండులో జాన్ వెస్లీ అనుచరులు 1742 మొదలు పండ్రెండుమంది చొప్పున చిన్న తరగతులుగా ఏర్పడిరి. మందిరపు అప్పు తీర్చుటకై వారమునకొక పెన్నీ వసూలుచేయ బయలుదేరిన నాయకులు, ఇంటింటికి పోయినప్పుడు ఆత్మల స్థితిని కూడ తెలిసికొన గలిగిరి. మన చందాల పుస్తకము మామ్మను ఆలస్యముగా తలంచుకొనెను. వారి చందా వారిని ప్రతివారము ఒకరి గుమ్మమునకు ఒకరిని తీసికొనిపోయెను. వ్యత్యాస మంతయు నడకలో నున్నది.

ఇప్పుడీ సంగతి మరింత అవసరమైనదని మా తలంపు. మన గ్రామములనుండి అనేకులు పనికై విశాఖపట్టణమునకును, హైదరాబాదునకును, చెన్నపట్టణమునకును పోవుచున్నారు; తీరగ్రామముల జాలరులు దూరముననున్న గుజరాతు వేరావలు రేవు వరకు పోవుచున్నారు. ఆదివారమున చాపలమీద కనబడువారు తరచుగా స్త్రీలు, వృద్ధులు, పిల్లలు. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను ఉద్దానపు కొబ్బరి తోటలను, జీడి తోటలను నేలగూల్చినప్పుడు ఎవరిది ఏ పేట యని యడుగక ఒకే పొయ్యిమీద వండుకొని తినిన జనులను మేము చూచితిమి. 2020 మార్చి 25 మొదలు దేశమంతట రాకపోకలు నిలిచి మందిరముల తలుపులు మూయబడినప్పుడు మరియొకటి చూచితిమి. ఇంటిలో కుటుంబ ప్రార్థన వాడుకగా నున్నవారు నిలిచిరి. ఆరాధన యంతయు బోధకునిపైనే వదలినవారు సెల్‌ఫోనులో కొన్ని ప్రసంగములు విని, క్రమముగా అదియు మానిరి. గంట మ్రోగని దినములలో మిగిలినదే మన నిజమైన ఆస్తి.

ఇక భాషను గూర్చి. వాడుకభాషకై పోరాడిన గిడుగు రామమూర్తి పంతులుగారు 1863లో శ్రీకాకుళమునకు దాపునగల పర్వతాలపేటలో జన్మించిరి. సవరల పిల్లలకు సవరభాషలోనే చదువు చెప్పవలెనని ఆయన ఆ భాషను నేర్చి, దానికి వ్యాకరణమును నిఘంటువును కూర్చిరి. మేమీ వ్యాసమును సంచిక ఆచారమును బట్టి గ్రంథ భాషలో వ్రాయుచున్నాము. కాని ప్రార్థన చేయువాడు తన తల్లితో మాటలాడు భాషలో దేవునితో మాటలాడుటకు సిగ్గుపడరాదు. పెద్ద మాటలు రానందున నోరు మూసికొనియున్న భక్తులు మన సంఘములలో ఎందరో కలరు.

మా సూచనలు కొన్ని మాత్రమే. మొదటిది, ప్రకటనలను తగ్గించి, ప్రసంగమును అరగంటకు మించనీయక, పిమ్మట ఇరువది నిమిషములు సభ్యులు పదేసిమంది చొప్పున చాపలమీదనే గుండ్రముగా కూర్చుండవలెను. ఏమి వింటిమి, ఏది కష్టముగా తోచినది, ఈ వారము ఏమి చేయుదుము – ఈ మూడు ప్రశ్నలు చాలును. రెండవది, ప్రతి పది యిండ్లకు ఒక పురుషుడును ఒక స్త్రీయు బాధ్యులుగా నుండి, రానివారెవరో దీవెనకు ముందే తెలిసికొని, ప్రొద్దు గ్రుంకక మునుపే వారి యింటికి పోవలెను; దూరదేశమునకు పోయినవారితో వారమున కొకసారి ఫోనులో మాటలాడవలెను. మూడవది, నెలకొక కీర్తనను అర్థము చెప్పి నేర్పవలెను. హరికథకు ఖ్యాతి తెచ్చిన ఆదిభట్ల నారాయణదాసుగారు బొబ్బిలి దాపున అజ్జాడలో పుట్టి, విజయనగర సంగీత కళాశాలకు మొదటి అధ్యక్షులైరి. అట్టి కళ పుట్టిన సీమలో యోసేపు చరిత్రను, తప్పిపోయిన కుమారుని కథను పాటతో మాటతో చెప్పగలవారు మనకు కరవగుట వింతగా నున్నది.

నాలుగవ సూచన కొందరికి రుచింపకపోవచ్చును. ప్రభువు బల్లయొద్ద ఒక్క రొట్టెలో పాలుపొందిన మనము గుమ్మము దాటగానే ఎవరి పేటకు వారు విడిపోవుచున్నాము. పెండ్లి సంబంధముల యొద్ద, పంక్తి భోజనముల యొద్ద, సంఘపెద్దల యెన్నిక యొద్ద విడిచిపెట్టితిమనుకొన్న కులము తిరిగి వచ్చి ముందు వరుసలో కూర్చుండుచున్నది. కావున నెలకొకసారి సంఘమంతయు కలిసి వండి, కలిసి వడ్డించి, ఒకే బంతిని కూర్చుండి తినవలెను. వరి యన్నము, పప్పు, ఒక పచ్చడి చాలును. ప్రసంగములు చేయలేని పనిని ఒక్కొక్కప్పుడు అరటియాకు చేయగలదు.

దీనికి కొన్ని ఆక్షేపణలు కలవు. పూర్వులు ఏర్పరచిన క్రమమును మార్చరాదని కొందరందురు. పూర్వులు తమ దేశపు క్రమమును తెచ్చినను మన భాషకొరకు, మన రాగములకొరకు దానిని మార్చుకొనిరి గదా. మార్చుటయు వారి ఆచారమే. చదువురానివారు గుంపులో ఏమి మాటలాడగలరని మరికొందరు. పంట పోయినప్పుడు దేవునిపై నమ్మకముంచుట ఎట్టిదో చదువురాని రైతుకు తెలిసినంత మాకు తెలియదు. చిన్న గుంపులలో చాడీలు, తగవులు పుట్టునను భయము మాత్రము నిజమైనదే. మేమును అట్టివి చూచితిమి. గుంపులో చెప్పిన మాట కుళాయి గట్టుకు పోరాదనియు, అచ్చట అప్పు సంగతి, యెన్నిక సంగతి యెత్తరాదనియు గట్టి కట్టడి యుండవలెను. అట్లయినను కొన్ని చోట్ల చెడవచ్చును. తగవు పుట్టునేమోయను భయమున ఒకరినొకరు ఎరుగకయే యుండుట దానికి మందు కాదు. ఇక బోధకుని గౌరవము తగ్గునందురా? అనేక గ్రామముల భారము ఒంటరిగా మోయు బోధకునికి ఇది తగ్గింపు కాదు, తోడు. 1912లో దోర్నకల్లు బిషపైన అజరయ్యగారు బాప్తిస్మము పొందిన ప్రతివానిచేతను సువార్త ప్రకటించు బాధ్యత తనదని ఒప్పించుచుండిరి. బోధకుడు ఒక్కడే పనివాడు కాడని ఆయన ఎరుగును.

తలిదండ్రులారా, ఆదివారము మధ్యాహ్నము భోజనమువేళ పిల్లలను మార్కులను గూర్చి గాక, విన్న వాక్యమును గూర్చి అడుగుడు. మీరును వారికి చెప్పుడు. మిషను పెద్దలారా, మందిరముల కట్టడమునకు మీరు చూపు శ్రద్ధలో కొంత ఈ చిన్న గుంపుల నాయకులను తయారుచేయుట యందు చూపుడని మనవి. విద్యార్థులారా, మీ సందేహములను చెప్పుటకు వెరవకుడు. తోమాకు చోటుండిన సంఘములో మీకును చోటుండవలెను.

వచ్చు ఆదివారమున దీవెన యైన వెంటనే చెప్పులు వెదకికొనక, మన ప్రక్కన ఖాళీగా నున్న చోటును ఒకసారి చూతము. అది ఎవరిదో తెలియనిచో అడుగుదము. తెలిసినచో ఇంటికి పోవుటకు ముందే ఆ వీథికి పోదము. మామ్మ మంచముయొద్ద మేము కూర్చున్ననాడు ఆమె మమ్ము నిందింపలేదు. ప్రసంగమేమని మాత్రమే అడిగెను. మేము వెంటనే చెప్పలేకపోతిమి.